పిల్లాడి దగ్గర వేప్ దొరికింది: బడి ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

తొమ్మిదో తరగతి, లెక్కల పీరియడ్. జామెట్రీ బాక్సులో కంపాస్ పక్కన పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి కనబడింది. టీచర్ చేతిలోకి తీసుకుని చూసింది. ఒక చివర సన్నటి రంధ్రం, ముక్కు దగ్గర పెడితే పళ్ళరసం వాసన. పెన్‌డ్రైవ్ కాదు, వేప్, అంటే ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్. ఆ తర్వాత పావుగంటలో అన్నీ జరిగిపోయాయి. క్లాసు ముందే కేకలు, సంచి బోర్లించడం, స్టాఫ్ రూమ్ మొత్తానికి వార్త, తండ్రికి "మీవాడు డ్రగ్స్‌తో దొరికాడు" అని ఫోను. సాయంత్రానికల్లా రెండు వారాల సస్పెన్షన్. మర్నాడు ఆ వేప్ ఎక్కడుందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నేను పనిచేసిన ఒక బడిలో జరిగిందిది. స్టాఫ్ రూమ్‌లో ఆ కబురు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పిల్లాడు ఆ రెండు వారాలూ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, అడిగేవాళ్ళు లేరు. తిరిగొచ్చేసరికి అలవాటు తగ్గలేదు సరికదా, లెక్కల్లో రెండు పాఠాలు వెనకబడ్డాడు. పక్కన కూర్చునేవాళ్ళు కూడా మారిపోయారు.

కోపం ఎవరికైనా వస్తుంది, అది తప్పు కాదు. మేం తప్పింది వరస. ముందు ప్రాణం చూడాలి, తర్వాత పిల్లాడితో మాట్లాడాలి, ఆ తర్వాత ఇంటికి చెప్పాలి, శిక్ష సంగతి చివర్న ఆలోచించాలి. మేం శిక్షతో మొదలుపెట్టాం. మీరు హెడ్మాస్టరైనా, క్లాస్ టీచరైనా, బడి కమిటీలో ఉన్నా, కింద చెప్పిన వరసలో చేసుకుపోండి.

1. ఏమీ జరగకముందే రెండు పేజీలు రాసి పెట్టుకోండి

ఇరవై పేజీల నియమావళి రాస్తే అది బీరువాలోనే ఉంటుంది. రెండు పేజీలు చాలు. ఏ వస్తువుల గురించి మాట్లాడుతున్నారో అందులో తేటగా రాయండి. సిగరెట్, నమిలే పొగాకు, వేప్, మందు, గంజాయి, మిగతా డ్రగ్స్ అని అందరూ రాస్తారు. చాలామంది మర్చిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి: ఇంట్లో ఎవరికో డాక్టర్ రాసిచ్చిన నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, దగ్గు సిరప్, పీల్చే జిగురు, థిన్నర్. ఇవి కొనుక్కోవడానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇంటి అలమరాలోనే దొరుకుతాయి. నియమం గేటు లోపలికే పరిమితమా, బస్సుకి, టూరుకి, ఆటల పోటీలకి, హాస్టల్‌కి కూడా వర్తిస్తుందా అన్నది రాయండి. టీచర్లకీ, ఆఫీసు సిబ్బందికీ కూడా వర్తిస్తుందని రాయండి. దీని గురించి చివర్లో ఇంకో మాట చెప్తాను.

ఇలాంటి విషయం ఏది వచ్చినా ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఒక్క పేరు రాయండి, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకో పేరు. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు. కౌన్సిలర్ ఉంటే మంచిదే. లేకపోతే పిల్లలు ఎవరి దగ్గర నోరు విప్పుతారో ఆ టీచర్‌ని పెట్టండి, సీనియారిటీ చూడకండి.

ఒక వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి: తనంతట తానే వచ్చి "నాకు ఈ అలవాటుంది, సాయం కావాలి" అన్న పిల్లాడికి గానీ, స్నేహితుడు మత్తులో పడిపోతే పరిగెత్తుకొచ్చి చెప్పిన పిల్లకి గానీ ఆ చెప్పినందుకు శిక్ష ఉండదు. ఈ వాక్యం లేని బడిలో బాత్రూంలో ఒకడు స్పృహ తప్పితే మిగతా ముగ్గురూ తలుపేసి పారిపోతారు.

"దొరికితే పేరు కొట్టేస్తాం" అనే నియమం చదవడానికి గట్టిగా ఉంటుంది. దీన్ని అమెరికా పెద్ద ఎత్తున చేసి చూసింది. 1994లో తుపాకుల గురించి తెచ్చిన చట్టం తర్వాత, క్షమించే ప్రసక్తే లేదన్న పద్ధతి అక్కడి బడుల్లో డ్రగ్స్‌కీ, ఇంకా చిన్న తప్పులకీ పాకింది. ఆ పద్ధతి వల్ల బడులు మరింత సురక్షితంగా మారాయనడానికి ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన బృందం 2008లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. కారణం మనకి తెలియనిదేం కాదు. బడి మానేసిన పిల్లాడికి మిగిలేది ఖాళీ సమయం, దాన్ని నింపే స్నేహాలు.

2. అనుమానం రుజువు కాదు

ఎర్రబడ్డ కళ్ళు, మబ్బుగా కూర్చోవడం, చిరాకు, మార్కులు పడిపోవడం అంటూ సూచనల పట్టికలు చాలా దొరుకుతాయి. ఆ పట్టిక పట్టుకుని చూస్తే పదిహేనేళ్ళ పిల్లలందరి మీదా అనుమానం వస్తుంది. పట్టికకన్నా మార్పును చూడండి. ఎప్పుడూ ముందు బెంచీలో ఉండేవాడు వెనక్కి వెళ్ళాడా? భోజనం తర్వాతి పీరియడ్‌కి మాత్రమే ఆలస్యంగా వస్తున్నాడా? ప్రతి నలభై నిమిషాలకీ బాత్రూంకి అడుగుతున్నాడా? పాత స్నేహితులు ఒక్కసారిగా మారారా? ఇలాంటివి రెండు మూడు కలిసి వస్తే రాసుకోండి, తేదీతో సహా. "డల్‌గా ఉంటున్నాడు" అని కాదు, "మంగళవారం అయిదో పీరియడ్, పిలిస్తే మూడోసారికి పలికాడు" అని రాయాలి.

అవే సూచనలు వేరే కారణాల వల్లా వస్తాయి. నిద్రలేమి, అలర్జీ, ఇంట్లో ఎవరో పోవడం, ఎవరో వేధించడం, డిప్రెషన్, ఏదైనా కావచ్చు. షుగర్ ఉన్న పిల్లలకి రక్తంలో చక్కెర బాగా పడిపోతే మాట తడబడుతుంది, నడక తూలుతుంది, చెమటలు పడతాయి, కోపం కూడా వస్తుంది. చూసేవాళ్ళకి అచ్చం తాగినట్టే ఉంటుంది. అలాంటి పిల్లని "మందు వాసన వస్తోందా చూడండి" అంటూ పది నిమిషాలు నిలబెట్టిన బడి సంగతి నాకు తెలుసు. అడగాల్సింది ఆరోగ్యం రికార్డు. మూర్ఛ రోగం విషయంలోనూ అంతే. ఫిట్స్ వచ్చి తగ్గాక కాసేపు పిల్లలు అయోమయంగా ఉంటారు.

నికోటిన్ గురించి టీచర్లకి తెలియాల్సింది ఒకటుంది. కొన్ని రకాల వేప్‌లలో ఒక్క పాడ్‌లోనే (ద్రవం నింపిన చిన్న డబ్బీ) ఒక ప్యాకెట్ సిగరెట్లంత నికోటిన్ ఉంటుంది. అలవాటు పడ్డాక అది అందకపోతే కొన్ని గంటల్లోనే చిరాకు, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. మానేసిన రెండో రోజు, మూడో రోజు బాగా ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. మూడో పీరియడ్‌లో పొగరుగా సమాధానం చెప్పిన పిల్లాడికి నిజంగా పొగరే ఉండొచ్చు, పొద్దున్నుంచీ నికోటిన్ అందకపోయి ఉండొచ్చు.

3. మత్తులో ఉన్న పిల్లాడు ఎదురుగా ఉంటే: ఇది క్రమశిక్షణ సంగతి కాదు, వైద్యం సంగతి

ఇక్కడ తొందరపడకుండా ప్రతి ముక్కా చదవండి. పొరపాటు జరిగితే దిద్దుకోలేనిది ఈ ఒక్క మెట్టులోనే.

ముందు ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు పిల్లాడి దగ్గర, ఇంకొకరు ఫోన్ దగ్గర. మిగతా పిల్లల్ని అక్కడి నుంచి పంపేయండి. గొంతు తగ్గించి మాట్లాడండి. అడగాల్సినవి మూడే: ఏం తీసుకున్నావు, ఎంత, ఎప్పుడు. "ఇది డాక్టర్ కోసం అడుగుతున్నా, శిక్ష కోసం కాదు" అని ఆ మాటే అనండి. పక్కన స్నేహితుడుంటే అతన్నీ ఇలాగే అడగండి. సీసా, ప్యాకెట్, మాత్రల అట్ట ఏది దొరికినా పారేయకుండా డాక్టర్‌కి అందేలా చూడండి.

నిద్రపోతున్నాడు కదా, పడుకుంటే దిగిపోతుందిలే అనుకోవద్దు. మందు తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. అంటే ఇప్పుడు కనిపిస్తున్నదానికంటే గంట తర్వాత పరిస్థితి ఘోరంగా ఉండొచ్చు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. స్పృహ సరిగ్గా లేకపోతే వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టండి, పై కాలు మోకాలి దగ్గర మడిచి, నోరు కిందికి వాలేలా. వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. కాఫీ తాగించడం, తల మీద చన్నీళ్ళు పోయడం, వేలు పెట్టి కక్కించడం, నడిపించడం, వీటిలో ఏదీ మందు దింపదు. కక్కిస్తే ప్రాణం మీదికి రావచ్చు కూడా.

ఊపిరి లెక్కపెట్టండి. గడియారం చూస్తూ ఒక నిమిషం. ఎనిమిది కంటే తక్కువ ఉన్నా, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, లేపితే లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా అంబులెన్స్ పిలవాలి. హెడ్మాస్టర్ అనుమతి కోసం ఆగక్కర్లేదని మీ రెండు పేజీల్లో ముందే రాసి ఉండాలి. తల్లిదండ్రులకి ఫోన్ చేయాల్సిందే, కానీ అంబులెన్స్ తర్వాతే.

పదార్థాన్ని బట్టి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జిగురు, థిన్నర్, గ్యాస్ లాంటివి పీల్చిన పిల్లాడిని తరమొద్దు, అరిచి అదరగొట్టొద్దు. ఆ రసాయనాల ప్రభావంలో ఉన్న గుండె ఒక్కసారిగా భయపడినా, పరిగెత్తినా లయ తప్పి ఆగిపోగలదు. మొదటిసారి పీల్చినవాళ్ళూ ఇలా చనిపోయారు. కిటికీలు తెరిచి, మంట దగ్గర లేకుండా చూసి, మెల్లగా కూర్చోబెట్టండి. గంజాయి కలిపిన తినుబండారం అయితే మత్తు వెంటనే ఎక్కదు, అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. "ఏం కాలేదే" అని ఇంకో ముక్క తిన్న పిల్లలే ఎక్కువగా ఆస్పత్రికి వెళ్ళేది. హెరాయిన్, ఫెంటానిల్, గట్టి నొప్పి మాత్రల్లాంటి ఓపియాయిడ్లైతే కంటిపాప గుండుసూది తలంత అయిపోతుంది, ఊపిరి మందగిస్తుంది. దానికి విరుగుడు నలోక్సోన్, ముక్కులో కొట్టే స్ప్రేగానూ దొరుకుతుంది. కొన్ని దేశాల్లో బడుల్లోనే ఉంచుతున్నారు. తీసుకున్నది ఓపియాయిడ్ కాకపోయినా అది హాని చేయదు. అయితే దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నరే. లేచి కూర్చున్నాడని అంబులెన్స్‌ని వెనక్కి పంపొద్దు, మళ్ళీ మత్తులోకి జారొచ్చు.

పిల్లాడు తేరుకునేదాకా ప్రశ్నలు, సంతకాలు, ఉపదేశాలు ఏమీ వద్దు.

4. సంచి చూడాలంటే

ముందు అడగండి. "నీ సంచిలో ఉండకూడనిది ఏదో ఉందని నాకనిపిస్తోంది. నువ్వే తీసి బల్ల మీద పెడతావా?" ఇలా అడిగితే చాలామంది పిల్లలు తీసి పెట్టేస్తారు. చూడక తప్పకపోతే గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, కనీసం ఒకరు ఆడపిల్లకి ఆడమనిషి, మగపిల్లాడికి మగమనిషి. సంచి ఎవరిదో వాళ్ళ ఎదుటే చూడాలి. సంచి, డెస్కు, జేబులు బయటికి తీయించడం, అంతటితో ఆగాలి. బట్టలు విప్పించడం బడి పని కాదు. 2003లో అమెరికాలో 13 ఏళ్ళ అమ్మాయి దగ్గర నొప్పి మాత్రలున్నాయని ఎవరో చెబితే బడివాళ్ళు లోదుస్తుల దాకా వెతికారు. ఏమీ దొరకలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలా వెతకడం రాజ్యాంగ విరుద్ధమని 2009లో తీర్పొచ్చింది. వాళ్ళు వెతికింది ఐబుప్రొఫెన్ కోసం. చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి, ఆ అమ్మాయికి కలిగిన అవమానం మాత్రం ఎక్కడైనా ఒకటే. ఫోన్ తెరిచి మెసేజీలు చదవడం కూడా మీ పని కాదు.

దొరికినదాన్ని రుచి చూడొద్దు, వాసన చూడొద్దు (మా టీచర్ చేసిన పొరపాటు అదే), బాత్రూంలో పారబోయొద్దు. కవర్లో పెట్టి అంటించి, తేదీ, టైము, ఎక్కడ దొరికిందో రాసి, ఇద్దరూ సంతకం చేసి బీరువాలో తాళం వేయండి. చట్టం నిషేధించిన పదార్థమైతే మీ దగ్గర ఉంచుకోవడమే నేరం కావచ్చు. ఎవరికి, ఎంతసేపట్లో అప్పగించాలో మీ ప్రాంతపు చట్టం ప్రకారం ముందే తెలుసుకుని ఆ రెండు పేజీల్లో రాసుకోండి. పొడి కనబడితే చేత్తో ముట్టుకోవద్దు.

5. మాట్లాడటం

మర్నాడు గానీ, తేరుకున్న రోజు గానీ. గదిలో ముగ్గురు నలుగురు టీచర్లు ఉంటే అది విచారణ అవుతుంది, మాట్లాడటం అవదు. ఒక్కరే ఉండాలి, అదీ మొదటి మెట్టులో పేరు రాసుకున్న మనిషి. తలుపు సగం తెరిచి ఉంచండి. బల్లకి అటూ ఇటూ కాకుండా పక్కపక్కన కూర్చోండి. మగపిల్లలు ఎదురుగా కళ్ళలోకి చూసినప్పటికంటే పక్కన కూర్చున్నప్పుడే ఎక్కువ మాట్లాడతారని నా అనుభవం.

రహస్యం గురించి ముందే తేల్చి చెప్పండి, తర్వాత మాట తప్పాల్సిన పని ఉండదు. "నువ్వు చెప్పేది స్టాఫ్ రూమ్‌కి వెళ్ళదు. కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే, నిన్నెవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే, నేను చెప్పక తప్పదు. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను."

"ఎందుకు చేశావ్?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి పిల్లల దగ్గర ఒకే జవాబుంటుంది, తల దించుకోవడం. "ఎవరిచ్చారు?" అన్నదీ ఇప్పుడే వద్దు. స్నేహితుడి పేరు చెప్పమంటే అక్కడితో మాట ఆగిపోతుంది. "ఇంకెప్పుడూ చేయనని రాసివ్వు" అంటే రాసిస్తాడు, పని కాదు. బదులుగా ఇలా సాగనివ్వండి:

"ఇది నీ బాక్సులో దొరికింది కదా నాన్నా. దీని సంగతి నాకు చెప్పు."

"ఏం లేద్సార్. ఊరికే."

"సరే. మొదటిసారి ఎప్పుడు?"

"సెలవుల్లో."

"అది పీల్చని రోజు ఎలా ఉంటుంది?"

ఇక్కడ మీరు మౌనంగా ఉండాలి. పది సెకన్లు, ఇరవై సెకన్లు. మనకి అలవాటు లేని పని, అందుకే కష్టం.

"తలనొప్పి వస్తుంది సార్. కోపం వస్తుంది."

ఈ ఒక్క జవాబుతో సరదా ఎక్కడ ఆగిందో, అలవాటు ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. పొద్దున లేచాక ఎంతసేపటికి కావాలనిపిస్తుందని కూడా అడగండి. అరగంటలోపే అంటే నికోటిన్‌కి గట్టిగానే చిక్కుకున్నాడని లెక్క, డాక్టర్ సాయం కావాల్సి రావచ్చు.

మందు, డ్రగ్స్ విషయంలో డాక్టర్లు, కౌన్సిలర్లు వాడే క్రాఫ్ట్ అనే చిన్న ప్రశ్నావళి ఉంది. 1999లో బోస్టన్‌లో తయారైంది. ఆరు ప్రశ్నలు. మత్తులో ఉన్నవాళ్ళు నడిపే బండి ఎక్కావా, లేక నువ్వే నడిపావా? హాయిగా ఉండటానికో నలుగురిలో కలవడానికో వాడతావా? ఒక్కడివే ఉన్నప్పుడు వాడతావా? ఆ టైములో చేసింది మర్చిపోయావా? తగ్గించమని ఇంట్లోవాళ్ళు గానీ స్నేహితులు గానీ అన్నారా? దానివల్ల ఇబ్బందుల్లో పడ్డావా? రెండింటికి గానీ ఎక్కువకి గానీ అవునని చెబితే నిపుణులు చూడాల్సిన స్థాయి. ఇది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని డాక్టర్ దగ్గరికి పంపాలో తేల్చుకునే జల్లెడ మాత్రమే. బోర్డు మీద రాసి క్లాసందరి చేతా నింపించకండి.

6. ఇంటికి ఫోన్

మొదటి వాక్యం ముందే అనుకుని ఫోన్ ఎత్తండి. "అమ్మా, బాబు క్షేమంగానే ఉన్నాడండీ, నా పక్కనే ఉన్నాడు. ఒక విషయం ముఖాముఖి మాట్లాడాలి, ఇవాళ సాయంత్రం ఇద్దరూ రాగలరా?" డ్రగ్స్ అన్న మాట ఫోన్‌లో వద్దు. ఆ మాట విన్నాక ఇంకేదీ చెవికెక్కదు. పైగా దారిలోనే ఆ కోపం ముదురుతుంది.

మీరు ఫోన్ చేయబోతున్నారని పిల్లాడికి ముందే చెప్పండి. "నువ్వే చెప్తావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా?" అని అడగండి. ముఖంలో భయం ఎంతుందో చూడండి. అందరికీ ఉండే భయమా, ఇంట్లో చావబాదుతారన్న భయమా? రెండోదైతే ముందు పిల్లల రక్షణ చూసేవాళ్ళతో మాట్లాడాలి. తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దమనిషే తాగి ఉంటే పిల్లాడిని అప్పగించొద్దు.

ఆ గదిలో సాధారణంగా మూడు జరుగుతాయి. "మావాడు అలాంటివాడు కాదు" అంటారు, లేదా అక్కడే చెయ్యెత్తుతారు, లేదా "మీ బడిలోనే నేర్చుకున్నాడు" అంటారు. వాదించొద్దు. చూసింది చూసినట్టు చెప్పండి: వస్తువు, రోజు, సమయం. మీ అనుమానాలు, ఊహలు పక్కన పెట్టండి. వాళ్ళు వెళ్ళేటప్పుడు చేతిలో మూడు విషయాలుండాలి. ఏ డాక్టర్ని లేదా కౌన్సిలర్ని కలవాలి, ఇంట్లో మాత్రలు, మందు సీసాలు తాళం వేసి పెట్టాలి, వచ్చే వారం మళ్ళీ ఎప్పుడు కలుద్దాం. ఇవి కాగితం మీద రాసివ్వండి, టెన్షన్‌లో విన్నది ఎవరికీ గుర్తుండదు.

7. శిక్ష

ఇప్పుడు రావాలి దాని వంతు. ఒకసారి రుచి చూసినవాడు, అలవాటు పడ్డవాడు, అమ్ముతున్నవాడు, ఈ ముగ్గురికీ ఒకే శిక్ష వేసే బడి ఆలోచించడం మానేసినట్టే. మొదటివాడికి మాటా, ఇంటికి కబురూ చాలు, ఒకట్రెండు వారాలు ఖాళీ పీరియడ్లలో బడి పని ఏదైనా అప్పజెప్పొచ్చు. రెండోవాడికి వైద్యం ముఖ్యం. శిక్ష వైద్యానికి అడ్డు రాకుండా ఉండాలి, కౌన్సిలింగ్ రోజునే డిటెన్షన్ పెట్టకూడదు.

మూడోవాడి విషయంలో బడి గట్టిగానే ఉండాలి, పోలీసులకి చెప్పక తప్పనిది ఇక్కడే. అయినా పరిశీలించాల్సింది ఉంది. స్నేహితుడికి ఒక దమ్ము ఇచ్చినవాడు అమ్మకందారు కాదు. నిజంగానే అమ్ముతున్న పద్నాలుగేళ్ళవాడి వెనక దాదాపు ఎప్పుడూ ఒక పెద్దవాడుంటాడు, చాలాసార్లు అప్పుతోనో బెదిరింపుతోనో పట్టుకుని ఉంటాడు. కొత్త ఫోన్, లెక్క చెప్పలేని డబ్బు, చెప్పకుండా మాయమవడం కలిసి కనిపిస్తే అతను నేరం చేస్తున్నాడనే కాదు, అతని మీద నేరం జరుగుతోందేమో కూడా చూడాలి.

సస్పెన్షన్ తప్పదనుకుంటే తక్కువ రోజులుండాలి. తిరిగొచ్చే తేదీ, ఈలోపు ఇచ్చే పాఠాలు, ఆ రోజు గేటు దగ్గర ఎదురొచ్చే టీచర్ పేరు, ఈ మూడూ రాయకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

8. అందరికీ టెస్టులు చేయిస్తే?

ప్రతి సమావేశంలో ఒకరు అడుగుతారు. మూత్ర పరీక్ష కిట్‌తో వచ్చేది ప్రాథమిక ఫలితం మాత్రమే. కొన్ని దగ్గు, జలుబు మందులు కూడా తప్పుడు పాజిటివ్ చూపిస్తాయి, ల్యాబ్‌లో నిర్ధారించాలి. గంజాయి రోజూ వాడేవాళ్ళలో మానేసిన వారాల తర్వాత కూడా కనబడుతుంది. నిన్న తాగిన మద్యం మామూలు పరీక్షలో చాలాసార్లు కనబడదు. దొరకని పదార్థానికి మారడం పిల్లలు త్వరగానే నేర్చుకుంటారు. బడుల్లో ఎవరో ఒకరిని ఎంచి పరీక్షలు చేయడాన్ని విస్తృతంగా అమలు చేయొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో చెప్పింది. వైద్యంలో భాగంగా డాక్టర్ చేయిస్తే అది వేరే సంగతి.

9. తిరిగొచ్చాక

వారానికి పది నిమిషాలు, ఒకే టీచర్, ఒకే రోజు. కనీసం ఒక టర్మ్ పాటు. "మానేశావా?" అని కాకుండా "ఈ వారం ఏ రోజు కష్టమైంది?" అని అడగండి. నికోటిన్ కోరిక వచ్చినప్పుడు ఒక అల కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు ఎలా దాటాలో ముందే అనుకోవాలి: నీళ్ళు తాగడం, లేచి నడవడం, నోట్లో ఏదైనా వేసుకోవడం. క్లాసులోంచి అయిదు నిమిషాలు బయటికెళ్ళడానికి ఒక కార్డు ఇవ్వొచ్చు, అయితే బాత్రూంకి కాదు, ఆఫీసు వరండాలోకి.

మళ్ళీ మొదలుపెట్టడం మామూలే. మొదటి ప్రయత్నంలోనే మానేసినవాళ్ళు పెద్దవాళ్ళలోనే తక్కువ. రెండోసారి దొరికితే "నీకెంత చెప్పినా ఇంతే" అనకుండా, ఎక్కడ జారాడో కలిసి చూడండి. రికార్డు కవర్ తాళం లోపలే ఉండాలి. వచ్చే ఏడాది కొత్త క్లాస్ టీచర్‌కి "వీడితో జాగ్రత్త" అని చెవిలో ఊదొద్దు.

10. ఏమీ జరగని రోజుల్లో

ఏడాదికోసారి పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి, ఒక ఉపన్యాసం ఇప్పించి, ప్రమాణం చేయిస్తే బడి తన పని అయిపోయిందనుకుంటుంది. పోలీసుల చేత పాఠాలు చెప్పించే డేర్ అనే కార్యక్రమం 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై ఎన్నో దేశాలకి వెళ్ళింది. ఆ పాఠాలు విన్న పిల్లలకీ విననివాళ్ళకీ డ్రగ్స్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తర్వాత పరిశోధనలు వరసగా తేల్చాయి. ఒకప్పుడు బానిసై బయటపడ్డవాళ్ళ చేత కథ చెప్పించడం కూడా నివారణగా పనిచేయదు. పిల్లలు అందులోంచి "మానేసి బాగానే ఉన్నాడుగా" అన్నది తీసుకుంటారు.

పనిచేసేవి ఇంత ఆర్భాటంగా ఉండవు. వద్దని చెప్పడం నాటకంలా వేయించి సాధన చేయించే పాఠాలు, వారాల తరబడి. "అందరూ తాగుతున్నారు" అన్న భ్రమ తొలగించడం. పిల్లలు తోటివాళ్ళ వాడకాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారు. బాల్టిమోర్‌లో 1985లో ఒకటో తరగతి పిల్లలతో ఒక ఆట ఆడించారు. క్లాసుని జట్లుగా చేసి, నిశ్శబ్దంగా పని చేసుకున్న జట్టుకి చిన్న బహుమతి. డ్రగ్స్ అన్న మాటే అందులో లేదు. ఆ పిల్లలు ఇరవై ఏళ్ళ వాళ్ళయ్యాక చూస్తే, ముఖ్యంగా చిన్నప్పుడు దూకుడుగా ఉన్న మగపిల్లల్లో, డ్రగ్స్ సమస్యలు తక్కువగా ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో 15, 16 ఏళ్ళవాళ్ళలో గత నెలలో తాగి మత్తెక్కామన్నవాళ్ళు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. అక్కడ చేసింది పిల్లల సాయంత్రాలని ఆటలతో, సంగీతంతో నింపడం, తల్లిదండ్రులు వాళ్ళతో ఎక్కువసేపు గడిపేలా చేయడం, రాత్రుళ్ళు బయట తిరిగే వేళలకి హద్దు పెట్టడం, ఏటా పిల్లల్నే అడిగి లెక్క తీసుకోవడం. మీ బడి ఒక్కటే అదంతా చేయలేదు. బడి అయ్యాక గంటన్నర మైదానం తెరిచి ఉంచడం మాత్రం చేయగలదు.

ఇక టీచర్ల సంగతి. ఇంటర్వెల్‌లో గోడ వెనక సిగరెట్ తాగే మాస్టారు ఎవరో పిల్లలందరికీ తెలుసు. ఏ కిటికీలోంచి కనబడతాడో కూడా తెలుసు. మానాలనుకునే సిబ్బందికి కూడా డాక్టర్ చిరునామా, సెలవు, సాయం ఇవ్వాలని ఆ రెండు పేజీల్లో రాయండి. ఆ రోజుల్లో ఆ గోడ వెనక మాస్టారు నేనే. జామెట్రీ బాక్సు పిల్లాడు సస్పెన్షన్ నుంచి తిరిగొచ్చాక వారం వారం మాట్లాడే పని నాకే పడింది. మూడో వారం అనుకుంటా, నేను అడగాల్సినవన్నీ అడిగాక వాడు ఒక ప్రశ్న అడిగాడు: "మీరు ఎన్నిసార్లు ట్రై చేశారు సార్?"

అయిదుసార్లని చెప్పాను. ఆ రోజు నుంచి వాడు "ఏం లేద్సార్, ఊరికే" అనడం మానేశాడు.